అంటుల మేస్త్రి వీసా

అంటుల మేస్త్రి తన ఇల్లాలితో మాట్లాడి తొమ్మిది రోజులైంది. సరిగ్గా చెప్పాలంటే ముందు మానేసింది ఆవిడే. తనకేం తక్కువని ఈయనా మానేశాడు. అప్పట్నుంచి ఆ రెండు గదుల ఇంట్లో మాటలన్నీ గిన్నెలతోనూ గోడలతోనూ సాగుతున్నాయి. "ఈ కూరలో ఉప్పు వేయడం ఎవరు మర్చిపోయారో" అని ఆయన కంచాన్ని అడుగుతాడు. "కావలసినవాళ్ళు లేచి వేసుకోవచ్చు" అని ఆవిడ గరిటెకు చెబుతుంది. కంచం, గరిటె కూడా విసిగిపోయి ఉంటాయి పాపం.

తగవంతా వీసా దగ్గర వచ్చింది. ఇద్దరూ పదహారేళ్ళుగా ఒకే నర్సరీలో అంటులు కడుతున్నారు. ఆయన బల్లకు కుడివైపు కూర్చుని, సంచిలో ఉన్న చిన్న మొక్క తల కోసి, కాండాన్ని చీల్చి, మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను చెక్కి ఆ చీలికలో దింపుతాడు. దింపిన సంచిని చూడకుండానే ఎడమచేత్తో పక్కకు నెడతాడు. పక్కన ఆవిడ ఉంటుంది. కోసిన చోట తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టేస్తుంది. "మేస్త్రి చెయ్యి పడితే మొక్క బతికినట్టే" అని కొనేవాళ్ళంతా మెచ్చుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రి మీసం కాస్త పైకి లేచేది. ఆవిడ తల వంచుకుని ఇంకో పట్టీ కత్తిరించుకునేది.

ఇప్పుడా నర్సరీ యజమాని స్థలం అమ్మేశాడు. నెలాఖరుకు మూసేస్తారు. అక్కడ గోడౌన్లు కడతారట. ఏం చెయ్యాలో తోచక మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, జిరాక్స్ షాపు నడిపే బావమరిది కబురు పెట్టాడు. వాడికి ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలియదు గాని విదేశాల ఫారాలన్నీ కంఠతా వచ్చు.

"చూడు బావా, తోటపనికి మూడు దారులున్నాయి," అన్నాడు. "ఒకటి పండ్లు కోసే వీసా. ఆరు నెలలు పనిచేసి వెనక్కి వచ్చెయ్యాలి. రెండోది పశువుల పాకలో పని. రెండేళ్ళు. ఈ రెండింటికీ ఒంటరిగా వెళ్ళాల్సిందే."

"మూడోది చెప్పు," అన్నాడు మేస్త్రి వెంటనే.

పదహారేళ్ళలో ఆవిడ లేకుండా ఆయన ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఉండలేదు. ఉండలేడు కూడా. ఆ సంగతి మాత్రం ఎవరైనా అడిగితే ఒప్పుకోడు.

"మూడోది నిపుణుల వీసా. నర్సరీ పనే. అక్కణ్ణుంచి మనుషులొచ్చి అంటు కట్టించి చూస్తారు. నెగ్గితే జీవిత భాగస్వామిని వెంట తీసుకెళ్ళొచ్చు."

ఇంకేం, ఫారం నింపారు. నిపుణుడు అన్నచోట మేస్త్రి పేరు. కింద 'ఆధారపడినవారు' అన్నచోట ఆవిడ పేరు. ఆవిడ సంతకం పెట్టబోతూ ఆ మాట చదివి కలం కింద పెట్టేసింది.

"నేను మీ మీద ఆధారపడి బతుకుతున్నానా?"

"ఫారంలో అలాగే ఉంటుందే. నేనా రాసింది?"

"వానాకాలంలో మీ నడుం పట్టేసి రెండు నెలలు మంచం దిగలేదు. అప్పుడు మొక్కలు ఎవరు కోశారు? ఎవరు కట్టారు?"

"ఏదో అవసరానికి చేశావులే," అన్నాడు మేస్త్రి.

ఆ ఒక్క మాటకే ఈ తొమ్మిది రోజులు. ఆవిడ మరుక్షణమే సంతకం గీకేసి తమ్ముడి షాపు వెనకగదిలోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. ఏడుస్తోంది కాబోలు అనుకుని మేస్త్రి కొంచెం నొచ్చుకున్నాడు, ఇంకొంచెం పొంగిపోయాడు కూడా.

పరీక్ష రోజు ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని ఆయన వెనకాలే బయల్దేరింది. ఆధారపడినవారు కూడా రావాలేమోలే అనుకున్నాడు మేస్త్రి. అదొక పెద్ద హాలు. ట్యూబులైట్ల కింద బల్లలు, బల్లల మీద పరిచిన పాత పేపర్లు, ఒక్కొక్కరికీ పది మొక్కల సంచులు, పది పుల్లలు, పట్టీ చుట్ట. కత్తి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పరీక్ష పెట్టే ఆవిడ పొడుగ్గా, తెల్లని బూట్లతో ఉంది. ఆవిడ మాటల్ని మనకు చెప్పడానికి పక్కనే ఒక దుబాసీ ఉన్నాడు.

"ఇరవై రెండో నంబరు," అన్నాడు దుబాసీ. "ఇరవై నిమిషాల్లో పది అంటులు. పుల్లను వేళ్ళతో తిప్పి చూస్తారు. కదలకూడదు. పదింటికి ఎనిమిదైనా నిలవాలి."

మేస్త్రి లోపల నవ్వుకున్నాడు. పది అంటులంటే తనకు టీ చల్లారేలోపు పని. మడతకత్తి తీశాడు. తల కోసి, చీల్చి, చెక్కి, దింపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తమ పని ఆపి మరీ చూశారు. ఆ ఊపులో మేస్త్రి ఎప్పటిలాగే సంచిని ఎడమచేత్తో పక్కకు నెట్టి, రెండో మొక్క అందుకున్నాడు.

ఎడమపక్క ఎవరూ లేరు. బల్ల కూడా అంతవరకే ఉంది. సంచి వెళ్ళి తెల్లని బూట్ల మీద పడింది.

"అయ్యయ్యో," అని మేస్త్రి వంగి మట్టి ఎత్తబోయాడు. దుబాసీ పనిచూసుకోమని సైగ చేశాడు. అప్పుడు తెలిసొచ్చింది మేస్త్రికి, పట్టీ కూడా తనే కట్టాలని. పదహారేళ్ళలో ఆయన చేత్తో ఒక్క పట్టీ చుట్టలేదు. కింద నుంచి పైకా, పై నుంచి కిందికా? చివర ముడి వేస్తారా, లోపలికి దోపుతారా? ఎన్ని వేలసార్లు తన పక్కనే జరిగిందో ఆ పని! ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటే ఒట్టు. పట్టీ జారింది. వేళ్ళకు అంటుకుంది. మొక్కను వదిలేసి ఆయన బొటనవేలికి బిగుసుకుంది.

"ఆరిపోతోందండీ! ముందు కింద నుంచి చుట్టండి!"

వెనక బెంచీ మీంచి ఇల్లాలి గొంతు. తొమ్మిది రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అదే. దుబాసీ ష్ అన్నాడు. ఆవిడ నాలుక కరుచుకుని కూర్చుంది.

పదింటిలో నిలిచినవి మూడు. పరీక్షావిడ ఆయన కోతల్ని భూతద్దంతో చూసి చాలా బాగున్నాయంది. కట్టినవాటిని చూసి కలం తీసింది. ఫారం మీద అడ్డంగా గీత పడింది. మేస్త్రి తల వంచుకుని వచ్చి బెంచీ చివర కూలబడ్డాడు. ఇక మిగిలింది ఆరు నెలల దారి, రెండేళ్ళ దారి. రెండూ ఒంటరి దారులే. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇరవై మూడో నంబరు," అన్నాడు దుబాసీ.

ఇల్లాలు లేచింది.

మేస్త్రికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత జిరాక్స్ షాపు వెనకగది గుర్తొచ్చింది. ఆవిడ అక్కడ ఏడవలేదు. ఇంకో ఫారం నింపింది. నిపుణురాలు అన్నచోట తన పేరు రాసుకుంది. ఆ కింద గడిలో ఎవరి పేరుందో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆవిడ నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపింది. కత్తి కోసం. ఆ కత్తిని మేస్త్రి ఎవరికీ ఇవ్వడని నర్సరీలో అందరికీ తెలుసు. మంచం పట్టిన రెండు నెలలు కూడా అది తన తలగడ కిందే ఉందని ఆయన నమ్మకం.

ఆయన లేచి నిలబడ్డాడు. కత్తి మడత విప్పి, ప్యాంటుకు రెండువైపులా తుడిచి, పిడి ఆవిడ వైపు ఉండేలా అందించాడు.

"మొన దగ్గర పదును ఎక్కువ. జాగ్రత్తే," అన్నాడు.

"తెలుసు. ఆ రెండు నెలలూ పొద్దున మీరు లేవకముందే తలగడ కింద నుంచి తీసుకెళ్ళి, రాత్రి మీరు నిద్రపోయాక మళ్ళీ పెట్టేదాన్ని."

ఆవిడ కోత మేస్త్రి కోతంత అందంగా లేదు. మూడో మొక్క దగ్గర ఆయనకు చెయ్యి దురద పెట్టింది కూడా. కానీ కోసిన చెయ్యే కట్టింది. కింద నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేలా, చివర లోపలికి దోపి లాగి. ఈసారి మేస్త్రి రెప్ప వెయ్యకుండా చూశాడు. ఎంత మంచి పని అది! ఇన్నేళ్ళూ తనకు వచ్చిన పేరులో సగం ఆ వేళ్ళదేనని ఒప్పుకోవడానికి ఆయనకు ఇక సిగ్గనిపించలేదు. ఇంతకాలం చూడనందుకే సిగ్గేసింది.

పదింటికి తొమ్మిది నిలిచాయి.

పరీక్షావిడ తలూపి, ముద్ర వేసి, ఏదో అడిగింది. "ఆధారపడిన వ్యక్తి చేసే పని ఏమిటంటున్నారు," అన్నాడు దుబాసీ.

ఇల్లాలు వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు ఏమన్నా అనొచ్చు. మేస్త్రి ఎందుకైనా మంచిదని మీసం కిందికి దువ్వుకున్నాడు.

"అంటుల మేస్త్రి," అంది. "కోత ఆయనదేనని రాయండి. నేను కట్టేదాన్ని."

బయట మెట్ల మీద బావమరిది గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు. బావ కళ్ళు ఎర్రగా ఉండటం చూసి వాడి మొహం పాలిపోయింది.

"ఏమైంది బావా?"

"మీ అక్క నన్ను తీసుకెళ్తోందిరా," అన్నాడు మేస్త్రి.