గడ్డి ఆరే రోజున

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. కోసిన గడ్డి ఆరడానికి ఐస్‌లాండ్‌లో అలాంటి ఎండ అరుదు. కోతలప్పుడు పొలం దాటని కేతిల్, ఆ రోజే పెళ్లాం రాగ్నాను జలపాతం చూద్దాం పదమన్నాడు. కుంటుతున్న గుర్రం పెర్లాకు నీళ్లు పెట్టొస్తానని ఆమె అంటే, “నేను పెట్టాన్లే” అని కారెక్కించాడు. రాగ్నాకు అప్పుడే అనుమానం పుట్టింది.

దారిలో వేడినీటి బుగ్గ తాడెత్తున ఎగజిమ్మింది. జనం కేకలు పెట్టారు. కేతిల్ ఫోను వంకే చూస్తున్నాడు.

“ఎవరది?”

“ఎవరూ లేరు.”

“మరి ఆ గడ్డి ఎవరు తిరగేస్తారు, మీ తాతా?”

“రేపు చూద్దాంలే.”

జలపాతం తుంపరలో ఆమె అతని చెయ్యి పట్టుకు ఆపింది. “ఏం దాస్తున్నావయ్యా? పెర్లా సంగతేనా?”

అతను నీళ్ల వైపు తిరిగాడు. “పశువుల డాక్టరు దానికి ఆఖరి సూదేసి వెళ్లాడట. ఆ కాలు ఇక నిలవదన్నాడు. నువ్వు చూళ్లేవని...”

“పిల్లప్పటి నుంచి పెంచాను. పోయేటప్పుడు దాని తల నా ఒళ్లో ఉండాల్సింది, కేతిల్.”



కారు దగ్గర ఆమె మూట విప్పి, పొగబెట్టిన గొర్రెమాంసం చుట్టిన రొట్టె ఒకటి అతని మొహం చూడకుండానే అందించింది. పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ తిన్నారు.