ముట్టొద్దన్న మాట

పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ నీళ్లు పోసింది దాలమ్మే. కాళ్లు బారజాపుకుని, మనవరాలిని వాటిమీద పడుకోబెట్టి, నూనె రాసి వేన్నీళ్లు పోస్తుంటే కోడలు హేమ చెంబు అందించేది, అంతే. మూడో నెల నిండేసరికి లాక్‌డౌన్ వచ్చింది. పక్కవీధిలో ఇద్దరిని అంబులెన్సులో తీసుకుపోయారు. నిన్నటిదాకా చేపలగంపతో ఊళ్లు తిరిగిన మనిషి అత్త. ఏ ఇంటినుంచి ఏం అంటించుకొచ్చిందోనని హేమకు భయం పట్టుకుంది.

"నాను సెప్పిందాకా గుంటని ముట్టకత్తా," అంది పిల్లను తనవైపు లాక్కుని.

"నానేటి పీతనేటే, ముట్టుకుంటే కరిసీడానికి," అని నవ్వుతూనే దాలమ్మ ఇంటి వెనక వలలు దాచే పాకలోకి చాప మార్చుకుంది. హేమ కంచం పాక గుమ్మంలో పెట్టి వచ్చేది. మొదట్లో అత్త దూరం నుంచే పిల్లను పలకరించేది, కూరలో ఉప్పు చాల్లేదని దెప్పేది. చుట్టలు కాల్చుకుంటూ కబుర్లాడే తోటి ఆడవాళ్లు రావడం మానేశారు. రానురాను ఆ దెప్పుళ్లూ ఆగిపోయాయి. ఉప్పే వేయడం మరిచిన రోజు కూడా కంచం మాట లేకుండా బయటికి వచ్చింది.

పడవలు మళ్లీ వేటకెళ్లాయి. బస్సులు తిరిగాయి. హేమ మొగుడు కొండబాబు మాస్కు ఎక్కడ పడేశాడో వాడికే తెలీదు. పాకకి కంచం మొయ్యడం మాత్రం హేమకు అలవాటైపోయింది. ముసలామెకు అక్కడే బాగుందేమో అనుకుంది.

పిల్లకు నడక వచ్చింది. ఒకరోజు పాక ముందు పరుగెత్తి, రాయిమీద పడి నుదురు పగలగొట్టుకుంది. హేమ ఉరికి వచ్చేసరికి దాలమ్మ జానెడు దూరంలో కూర్చుని, చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని ఉంది.

"రగతం కారతంటే సూస్తూ కూకున్నావేటత్తా?"

"నువ్వింకా సెప్పనేదు కదే."

హేమ ఆ మాట అని ఏడాది దాటిపోయింది. పిల్ల నుదురు కొంగుతో ఒత్తి, "ఇప్పుడు సెప్తన్నాను, ఎత్తుకో," అని ఒళ్లో పెట్టింది. దాలమ్మ గబగబా కాళ్లు చాపింది. పిల్ల ఆ మొహం చూసి గుక్కపట్టింది. తన్నుకుంటూ వెళ్లి తల్లి చీర పట్టుకుంది.

"తీసుకెల్లిపోయే. జడుసుకుంటంది," అంది దాలమ్మ.

మర్నాడు హేమ కంచంతోబాటు పిల్లనూ చంకనేసుకుని వెళ్లింది. తడిక లోపలినుంచి కట్టేసి ఉంది.

"గుంట ఉన్నాదేటి నీకాడ?"

"ఉన్నాదత్తా. నీకోసవే తెచ్చాను."

"అలాగైతే తియ్యను. కంచం అక్కడెట్టి ఎల్లు."

హేమ కంచం కింద పెట్టింది గానీ వెళ్లలేదు. దిగుతానని పిల్ల గింజుకుంటుంటే, తడికకు చెవి ఆనించి అత్తా, అత్తా అని పిలుస్తూ నిలబడింది.