గాజుపలకకు ఇటువైపు

వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను అతను మొదట తన చెంపకు ఆనించి చూసుకున్నాడు. తరువాత ప్రొఫెసర్ గారి ఎడమ కంటి మీద పెట్టాడు. ముక్కు పక్క నుంచి బయటి కొసకు, ఒక్కసారే తుడవాలి. కుడి కంటికి గుడ్డ మడత మార్చాడు. ఆ ఒంట్లో ఇంకా యజమాని మాట వినేవి ఆ రెండు కళ్లే. వాటిని తుడిచేటప్పుడు అతను ఊపిరి బిగపట్టేవాడు.

నక్షత్రాలు ఎలా చల్లారిపోతాయో ప్రొఫెసర్ గారు కనిపెట్టిన సంగతులు దేశదేశాల్లో చదువుకున్నారు. ఆయన కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిన క్రమం మాత్రం ఇద్దరికే పూర్తిగా తెలుసు. ఒకరు ఆయన భార్య, అమ్మగారు. రెండోవాడు ఇతను.

ఇతను అంతకుముందు ఆస్పత్రిలో మంచాలు తోసేవాడు. పదకొండేళ్ల కిందట, ప్రొఫెసర్ గారి గొంతు కూడా పోయాక, ఈ ఇంట్లో పనికి కుదిరాడు. అందరూ అతన్ని ‘నోరు’ అనేవాళ్లు. పని అలాంటిది మరి. ఒక గాజుపలక పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడాలి. పలక మీద నల్లరంగుతో అక్షరాలు రాసి ఉంటాయి. అటువైపు నుంచి ఆయన ఒక్కో అక్షరాన్నీ చూస్తుంటే, ఆ చూపు ఎక్కడ ఆగిందో ఇటువైపు నుంచి ఇతను పట్టుకుని పైకి చెప్పాలి. ఇతనికి అక్షరాలు తిరగబడి కనిపించేవి. అలవాటైపోయి, ఇప్పుడు దుకాణాల బోర్డులే వింతగా ఉంటున్నాయని నవ్వేవాడు.

ప్రొఫెసర్ గారు మాట మొదలుపెడితే చాలు, మిగతాది ఇతను అందుకునేవాడు. తప్పైతే ఆయన కళ్లు పైకెత్తేవారు. ఎత్తకపోతే సరేనన్నట్టు. ఒకసారి శిష్యులందరూ చుట్టూ కూర్చుని ఉండగా ఆయన ‘వేడి’ అన్నారు. ఇతను గబగబా దుప్పటి లాగేసి ఫ్యాను పెట్టాడు. ఆయన చెప్పబోయింది నక్షత్రం వేడి గురించి. పైకెత్తిన కళ్లు ఫ్యాను వైపు చూస్తున్నాయనుకుని ఇతను ఇంకాస్త పెంచాడు. పాపం, పెద్దాయన వణికిపోయారు. ఆ కథ చెప్పుకుని శిష్యులు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ శిష్యుల్లో ఒకడు ఇంజనీరు. నిన్న సాయంత్రం వచ్చి చక్రాల కుర్చీకి ఒక యంత్రం బిగించి వెళ్లాడు. ఒక తెర, దాని నెత్తిన చిన్న కెమెరా. ప్రొఫెసర్ గారి చూపు తెర మీది అక్షరాలను ఏరుకుంటుంది, యంత్రం వాటిని పలుకుతుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు.

గడ్డం గీయడం అయ్యాక అతను ఆయన్ను కుర్చీలోకి దించి తెర వెలిగించాడు. అమ్మగారు కాఫీ కప్పుతో వచ్చి, రోజూ కూర్చునే పీట లాక్కుని కూర్చున్నారు.

“కిటికీ,” అంది యంత్రం. స్టేషన్లో బండి వేళలు చెప్పే గొంతులా ఉంది.

“పట్టిందండీ,” అన్నారు అమ్మగారు. “కాకపోతే తెల్లవారుజామున మోకాలు…”

అక్కడ ఆగిపోయారు. ఇవాళ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

అతను తల వంచుకుని వెళ్లి కిటికీ తెరిచాడు.

చేరిన కొత్తలో ఒక పొద్దున ప్రొఫెసర్ గారు అక్షరం అక్షరం కూడబలుక్కుని భార్యను అడిగారు, నిద్రపట్టిందా అని. ఆ గాజుపలక ముందు ఆమె చిన్నపిల్లలా ఏడ్చారు. తరువాత చాలాసేపు ఆయనతో కబుర్లు చెప్పారు. మర్నాడు కాఫీ కప్పుతో వచ్చి, కళ్లింత చేసుకుని ఎదురుచూశారు. ప్రొఫెసర్ గారు ‘కిటికీ’ అన్నారు, అంతే. ఇతనికి మనసొప్పలేదు. “నిద్రపట్టిందా అంటున్నారమ్మగారూ. కిటికీ కాస్త తెరవమంటున్నారు,” అన్నాడు. అని, భయంగా ఆయన కళ్లలోకి చూశాడు. కళ్లు పైకి లేవలేదు.

ఆ తరువాత కూడా ఏ రోజూ లేవలేదు. రోజూ అడగడం, రోజూ ఆయన కళ్లలోకి చూసుకోవడం. ఆయనా తనూ మాట్లాడుకోకుండా కుదుర్చుకున్న ఒప్పందం అదని ఇతను నమ్మాడు. ఈ ఇంట్లో తనకున్న ఆస్తి అంతా అదే అనుకునేవాడు. ఇంటికి వెళితే మాత్రం పెదవి విప్పేవాడు కాదు. “మా ఆయన నోరు ఆ పెద్దాయన ఇంట్లోనే పెట్టి వస్తాడు,” అని అతని భార్య ఇరుగుపొరుగుతో అనేది. ఆమెకు నిద్రపట్టిందో లేదో అతను ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు పరిశోధన సంస్థలో ప్రొఫెసర్ గారికి సన్మానం. కుర్చీని వ్యాన్లోకి ఎక్కిస్తుంటే డ్రైవరు కన్నుగీటాడు.

“ఏం నోరూ, కొత్త నోరొచ్చిందటగా. ఇక నీకు విశ్రాంతేనా?”

“కుర్చీ తోసేది నేనేగా.”

“దానికి కూడా మోటారు పెడతారులే, తొందరపడకు.”

ఇద్దరూ నవ్వారు. అతను బెల్టులు బిగించి, ఆయన మెడ కింద దిండు సర్దాడు.

హాలు కిక్కిరిసిపోయింది. అమ్మగారు ముందు వరుసలో, ఒళ్లో చేతిసంచితో కూర్చున్నారు. ఇతను నీళ్ల గ్లాసు, గొట్టం పట్టుకుని వేదిక వెనక తెర చాటున నిలబడ్డాడు. ఎప్పుడూ వేదిక మీద ఆయన ఎదురుగా ఉండేవాడు. ఇవాళ ఆయన తల వెనకభాగమే కనిపిస్తోంది.

ముందు రాత్రి ఆయన చూపుతో ఏరి దాచుకున్న ప్రసంగాన్ని అందుకుని యంత్రం నక్షత్రాల గురించి చెప్పింది. ఇతనికి ఆ మాటలు ఎప్పుడూ అర్థం కాలేదు. తడబడకుండా చెప్పుకుపోతుంటే మాత్రం, తన పని ఇంకొకడు చక్కగా చేస్తున్నట్టు కొంచెం ఉడుకుమోత్తనం కలిగింది. చివర్లో యంత్రం అంది:

“ఇన్నాళ్లూ మీరు విన్న నా మాటల్లో సగం నావి కావు. నా నోటికి నాకంటే మర్యాద ఎక్కువ. పొద్దున్నే నేను కిటికీ అంటే, అది మా ఆవిడకు నిద్రపట్టిందా అని కూడా అడిగేది. పదకొండేళ్లు నేను నా ఇంట్లో వేరేవాళ్ల సంభాషణ వింటూ కూర్చున్నాను. ఇవాళ్టి నుంచి నా మాటలు నావి.”

హాలంతా పగలబడి నవ్వింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతమందిలో కూర్చునే ఉన్నది అమ్మగారొక్కరే. చేతిసంచి గొళ్లెం తీస్తున్నారు, పెడుతున్నారు.

అతని చేతిలో గ్లాసు తొణికి చొక్కా తడిసింది. కళ్లు ఒక్కసారి పైకెత్తి ఉంటే మానేసేవాణ్ణిగా, అనుకున్నాడు. పదకొండేళ్లలో ఒక్కసారి.

సాయంత్రం ఇంట్లో ఆయన్ను మంచం మీదికి మార్చి పాదాల కింద దిండ్లు పెడుతుంటే, అమ్మగారు వంటింటి గుమ్మంలోకి పిలిచారు.

“నిద్రపట్టిందా అన్నది నువ్వేనా?”

“మొదట ఆయనే అడిగారమ్మగారూ. ఒకసారి.”

“ఒకసారి,” అన్నారు ఆమె. “మా అక్క పోయినప్పుడు నాకొచ్చిన పీడకలలు, బిడ్డలు లేరన్న బెంగ, అన్నీ ఆ పీట మీద కూర్చుని చెప్పుకున్నాను. ఎవరికి చెప్పుకున్నాను నాయనా నేను?”

“ఆయన విన్నారమ్మగారూ.”

“విన్నారు. అడగలేదు.”

అతను తడి చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“నీకైనా ముందు చెప్పారా, అక్కడ అలా అంటానని?”

“లేదమ్మగారూ.”

ఆమె అతని ముఖంలోకి చూసి, స్టవ్ వైపు తిరిగారు.

అతను గదిలోకి వచ్చేసరికి ప్రొఫెసర్ గారి కళ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి. యంత్రాన్ని ఆ మూల గోడకు తగిలించి ఛార్జింగు పెట్టారు. మంచానికి బిగించే పని ఇంజనీరు రేపు చేస్తానన్నాడు. అతను బీరువా పక్కనున్న గాజుపలక తీసి ఎదురుగా పట్టుకున్నాడు. ఎప్పటిలా ఇద్దరి కళ్లూ గాజుకు అటూ ఇటూ కలిశాయి. ఒక మాట కోసం చూశాడు. ఏ మాటైనా సరే, సభలో అన్నదానికి.

చూపు కదిలింది. ‘ని’. తరువాత ‘ద్ర’. ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే. మిగతాది ఇతను అందుకోవాలి.

అమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నారు.

“పూర్తిగా చెప్పండి సార్,” అన్నాడు అతను.

ప్రొఫెసర్ గారు అతన్ని చూశారు. అక్షరాల వైపు చూడలేదు. అతను చేతులు నొప్పిపుట్టేదాకా పలక దించలేదు. చివరికి ఆయన రెప్పలు వాలాయి.

“ఏమన్నారు?” అన్నారు అమ్మగారు.

“నిద్ర అన్నారు.”

“నిద్ర వస్తోందనా? నన్ను అడగబోయారా?”

ఆమె గొంతులో ఏం కావాలో అతనికి తెలుసు. ఇన్నేళ్లూ ఇచ్చినదే. నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలీదమ్మగారూ. అంతే అన్నారు.”

ఆమె దీపం తగ్గించి వెళ్లిపోయారు.

తెల్లవారేసరికి ప్రొఫెసర్ గారు లేరు. మంచం పక్కనే చాప మీద పడుకున్న అతనికి కూడా ఆ వెళ్లడం వినపడలేదు. డాక్టరు వచ్చి చూసి వెళ్లాక, అతను గుడ్డను వేడినీళ్లలో ముంచి, చెంపకు ఆనించి చూసుకుని, ఎడమ కన్ను తుడిచాడు. మడత మార్చి కుడి కన్ను తుడిచాడు. అలవాటుగా ఊపిరి బిగపట్టాడు.

అంతా అయ్యాక ఇంటికి వెళితే, అతని భార్య తలుపు తీసి ముఖం చూసింది.

“రాత్రి నిద్రపోలేదా?”

అతను గడప మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ తరువాత మళ్లీ ఎవరి ఇంట్లోనూ పనికి కుదరలేదు.

సంస్థవాళ్లు వచ్చి కుర్చీనీ యంత్రాన్నీ తీసుకెళ్లి ప్రదర్శనశాలలో పెట్టారు. మీట నొక్కితే ఆ ఆఖరి ప్రసంగం వినిపిస్తుంది. బడిపిల్లలు మళ్లీ మళ్లీ నొక్కుతారు. అదే చోట నవ్వుతారు.

గాజుపలకను ఎవరూ అడగలేదు. అమ్మగారు దాన్ని ఆ గది కిటికీలో నిలబెట్టి ఉంచారు. పొద్దున ఎండ పడినప్పుడు, ఇటువైపు అంచుల్లో బొటనవేళ్లు పట్టిన చోట గాజు మసకబారి, అక్షరాల దాకా అరిగి కనిపిస్తుంది. అటువైపు, ఆయన చూపు ఆగిన చోట మాత్రం కొన్న రోజున ఉన్నట్టే, ఒక్క మరక లేకుండా ఉంది.