తప్పినవాళ్ళ సత్కారం

కోటేశ్వరరావు మాస్టారు ఎదుటివాడికి ధైర్యం చెప్పకుండా ఉండలేడు. కాలు విరిగినవాడికి చెబుతాడు, ఉద్యోగం ఊడినవాడికి చెబుతాడు, ఆకలేస్తోందన్నవాడికి కూడా ముందు ధైర్యమే చెబుతాడు. ఖరగ్‌పూర్‌లో తెలుగు పిల్లలు చదివే బడిలో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు కనుక, ఆ ధైర్యంలో పెద్ద వాటా లెక్కల్లో తప్పిన పిల్లలకే దక్కింది. మనసు మాత్రం వెన్న. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు.

ఈ ఏడు మాధ్యమిక్‌లో, అంటే పదో తరగతి పరీక్షలో, ఆరుగురు లెక్కల్లో తప్పారు. మళ్ళీ రాయాలంటే ఏడాది ఆగాలి. అన్నాళ్ళూ వాళ్ళు మొహం చాటేసుకుని ఇళ్ళల్లో కూర్చుంటారని మాస్టారికి తెలుసు. అందుకని రోజూ పొద్దున్న ఆరున్నరకల్లా బడి వెనక గది తెరిచి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. పైసా పుచ్చుకోలేదు. ఆరుగురిలో ఐదుగురు వచ్చారు. అందరికన్నా ముందొచ్చేది హరిణి.

హరిణి వాళ్ళది పూరీ గేట్. తండ్రి పరబ్రహ్మం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి లేదు, నానమ్మ బాలాంబ పెంచింది. పరీక్షలో వందకి పద్నాలుగు వచ్చాయి. మొదటిరోజు భిన్నాలు కూడమంటే పైవి పైనా, కిందవి కిందా కూడేసింది. మాస్టారు కసరలేదు. చాక్‌పీసుని మూడు ముక్కలు విరిచి ఆ పిల్ల చేతిలో పెట్టి, మూడింట ఒకటంటే ఏమిటో పట్టుకుని చూడమన్నాడు. ఆరు వారాలు తిరిగేసరికి హరిణి ఎత్తుల, దూరాల లెక్కలు సొంతంగా కడుతోంది. సోమవారం పెట్టిన పరీక్షలో అరవై రెండు తెచ్చుకుంది. పేపరు రెండుసార్లు చూసుకుని, మడతపెట్టి జామెట్రీ బాక్సులో దాచింది.

"ఆదివారం దాకా ఉంచుకుంటాను సార్," అంది.

ఆదివారం ఏముందని మాస్టారు అడగలేదు. ఈ పిల్ల రోజూ వెనక గేటు నుంచే ఎందుకొస్తోందనీ అడగలేదు. ఆయనకి చెప్పే అలవాటే కాని అడిగే అలవాటు లేదు. అడిగి ఉంటే, హరిణి తప్పినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదని తెలిసేది.

రిజల్టు వచ్చిన రోజున పరబ్రహ్మం వర్క్‌షాపు నుంచి ఫోను చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ గోలలో "పాసే నాన్నా" అనేసింది హరిణి. మరుక్షణం ఆయన షాపులో అందరికీ రసగుల్లాలు పంచేశాడు. సాయంత్రం ఇంటికొచ్చిన తండ్రి మొహం చూశాక ఆ పిల్లకి నోరు పెగల్లేదు. పదకొండో తరగతి మొదలైందని చెప్పి పొద్దున్నే ఇల్లు కదిలేది. లెక్కల్లో అరవై దాటిన రోజున ఆ పేపరు ముందుపెట్టి అంతా చెప్పేస్తానని తనకి తాను ఒట్టు పెట్టుకుంది. తండ్రికి సెలవు ఆదివారం.

సభ శనివారం సాయంత్రం.

ఏటా రిజల్టులయ్యాక తెలుగు సంఘంవాళ్ళు గుడి పక్క హాలులో పాసైన పిల్లల్ని సత్కరిస్తారు. తండ్రినో తల్లినో స్టేజీ మీదికి పిలిచి, వాళ్ళ చేతే పిల్లకి శాలువా కప్పించడం అక్కడి ఆనవాయితీ. ఈ ఏడు తప్పినవాళ్ళకి కూడా శాలువా కప్పాలని మాస్టారు పట్టుబట్టాడు. సంఘం ప్రెసిడెంటు గణపతిరావు తల గోక్కున్నాడు.

"తప్పినోళ్ళని స్టేజీ ఎక్కించడమేటి మాస్టారూ? ఆ పిల్లల్ని అడిగినారా?"

"అడిగితే రారండీ. ఎక్కిస్తేనే సిగ్గు పోతుంది. పద్నాలుగు నుంచి అరవై రెండుకొచ్చిన పిల్లుంది నా దగ్గర. దాన్ని చూస్తే మిగతావాళ్ళకి ప్రాణం లేచొస్తుంది."

కార్డు మీద 'తప్పిన' అనే మాట వేస్తే నొచ్చుకుంటారని 'ప్రత్యేక సత్కారం' అని వేయించాడు. అంత సున్నితం ఆయన. ఆ కార్డు గురువారం సాయంత్రం పరబ్రహ్మం ఇంటికి చేరింది. ప్రత్యేకమంటే ఫస్టు వచ్చిందేమోనని ఆయన దాన్ని జేబులో పెట్టుకుని షాపంతా తిరిగాడు.

శుక్రవారం పొద్దున్న హరిణి అందరూ వెళ్ళేదాకా ఆగింది.

"సార్, రేపు నా పేరు సదవకండి."

"ఎందుకమ్మా? సిగ్గా? ఆ సిగ్గు పోగొట్టడానికే కదా ఇదంతా," అని నవ్వేశాడు.

శనివారం హాలు మెట్ల దగ్గర మళ్ళీ అడిగింది. మైకు పనిచేయడం లేదని మాస్టారు హడావుడిలో ఉన్నాడు. "ఏం కాదు, నేనున్నాగా," అని భుజం తట్టి లోపలికి పోయాడు. స్టేజీ ఎక్కబోతుండగా తెర పక్కన ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల వేళ్ళు చల్లగా ఉన్నాయి. అది ఆయనకి తెలిసింది కూడా.

"సార్, మా నాన్నకి..."

"మీ నాన్నకి చాలా సంతోషమవుతుంది. చూస్తూండు," అని మైకు ముందుకి వెళ్ళిపోయాడు.

పరబ్రహ్మం రెండో వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పక్కన కొత్త చీరలో బాలాంబ, వెనక షాపు నుంచి వెంటబెట్టుకొచ్చిన నలుగురు స్నేహితులు. మాస్టారు పేరు పిలవగానే ఫోను స్నేహితుడి చేతికిచ్చి, "దాదా, అంతా వీడియో తీయి," అని స్టేజీ ఎక్కాడు. శాలువా మడత విప్పి రెండు చేతులా పట్టుకుని కూతురి ముందు నిలబడ్డాడు. అప్పుడు అందుకున్నాడు మాస్టారు.

"ఈ అమ్మాయి లెక్కల్లో తప్పింది. వందకి పద్నాలుగు! అయినా కుంగిపోలేదు. ఆరు వారాలుగా పొద్దున్నే నా దగ్గరకొచ్చి..."

ఇంకా చాలా చెప్పాడు. అన్నీ మంచి మాటలే. హాలులో సగంమంది చప్పట్లు కొట్టారు, తక్కిన సగం పరబ్రహ్మం వంక చూశారు. పరబ్రహ్మం శాలువా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. కాసేపటికి దాన్ని కూతురి భుజాల మీద వేశాడు. ఒక పక్క జారిపోతే సర్దలేదు. "ఠీక్ హై మాస్టారూ," అని దిగిపోయాడు. హరిణి తలెత్తలేదు. కింద ఫోను పట్టుకున్నాయన ఆపాలో వద్దో తెలియక తీస్తూనే ఉన్నాడు.

ఆదివారం మాస్టారు హాయిగానే ఉన్నాడు. సోమవారం ఆరున్నరకి వెనక గది తెరిస్తే ఎవరూ రాలేదు. మంగళవారమూ రాలేదు. హరిణి ఒక్కతే కాదు, ఆ స్టేజీ ఎక్కిన ఐదుగురూ మానేశారు. వాళ్ళలో టోని అనేవాడు బజారులో ఎదురుపడి, మాస్టారిని చూసి సైకిలు తిప్పుకుని పక్క సందులోకి పోయాడు. అప్పుడు గానీ ఏదో జరిగిందని ఆయనకి తట్టలేదు. గణపతిరావుని అడిగితే సంగతంతా చెప్పాడు. ఊరంతటికీ తెలిసిపోయిన సంగతి మాస్టారికే చివర తెలిసింది.

మళ్ళీ పరీక్షకి కూర్చోవాలంటే ఫారం నింపి బడిలో ఇవ్వాలి. శుక్రవారం ఆఖరు. గురువారం సాయంత్రం మాస్టారు ఫారం పట్టుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి పూరీ గేట్‌లో దిగాడు. బాలాంబ తలుపు తీసి, "రండి బాబూ," అని మంచినీళ్ళిచ్చింది. ఆ మర్యాద ఆయనకి దెబ్బలా తగిలింది. పరబ్రహ్మం ఫారం అందుకుని, చదవకుండానే తండ్రి సంతకం ఉండాల్సిన చోట పెట్టేశాడు.

"నాదేటుంది మాస్టారూ. అదీ పెట్టాల గదా. అడగండి."

లోపలి గది తలుపు మూసి ఉంది.

"నేను రాయను సార్," అంది హరిణి లోపలి నుంచి. ఏడుపు లేదు, కోపం లేదు.

మాస్టారు ఆ తలుపుకి పావుగంట ధైర్యం చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్న మాటలే. చెబుతుంటే తన మాటలు తనకే వినబుద్ధి కాలేదు. ఆపేశాడు.

పరబ్రహ్మం గోడకి చేరగిలబడి మెల్లగా అన్నాడు. "తప్పిందని నాకు కోపం నేదు మాస్టారూ. నాకొచ్చినాయేటి లెక్కలు? ఆదివారం నాకు సెప్పుదామనుకుందట. అరవై రెండొచ్చిన పేపరు సూపించింది. ఒక్క రోజు ఆగుంటే నేనే దాన్ని ఎత్తుకుని తిరుగుదును."

"ఇంట్లో చెప్పలేదని నాకు తెలీదు పరబ్రహ్మం. ఒట్టు."

"తెల్దు. ఒప్పుకుంటాను. మరి పేరు సదవొద్దని మీకు రెండుసార్లు సెప్పినానంటంది. నిజమేనా?" ఆయన గొంతు తగ్గించాడు. "ఆరు వారాలు అబద్ధమాడింది గదా. ఇప్పుడు అదేటి సెప్పినా నమ్మాలో మానాలో నాకు తెల్డం నేదు. మీరైతే అబద్ధమాడరు. సెప్పండి, రెండుసార్లు సెప్పిందా?"

బాలాంబ చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల మంచం కిర్రుమంది. ఆ పిల్ల కూడా వింటోంది.

"మూడుసార్లు," అన్నాడు కోటేశ్వరరావు. "మూడోసారి నేనే చెప్పనివ్వలేదు."

పరబ్రహ్మం తల ఊపాడు. మాస్టారు ఇంకాసేపు ఆ తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. అది తెరుచుకోలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. దాని మీద తండ్రి సంతకం ఉంది, పిల్లది లేదు. మర్నాడు సాయంత్రం బడి ఆఫీసు మూసేదాకా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవరూ రాలేదు.