ఓడలో నలభై బిందెలు

నాకు నోరెక్కువ అంటారు మా ఊళ్ళో. అననీ. కడంబూరు పక్క కరిసల్ నేలలో, అదే నల్లరేగడిలో, పదిరోజులకొకసారి కొళాయి వచ్చే ఊళ్ళో, నోరు లేనిదాని బిందె నిండుతుందా?

నా పేరు బొమ్మక్క. నా మనమరాలు సింధుజ ఓడలో ఇంజనీరు. తూత్తుకుడిలో మనుషుల్నీ సరుకుల్నీ ఎక్కించుకుని, కొలచ్చల్‌లో కొంత దించి, కొచ్చికి పోయే ఓడ అది. అందులో తాగేనీళ్ళ తొట్టి లెక్క చూసేది కూడా సింధుజే. చేరి ఇంకా నెల కాలేదు. దాన్ని పెంచింది నేనే. చెయ్యి కడుక్కుంటున్నా "చాలే, చాలే" అని చెంబు లాక్కుంటూ పెంచాను.

"వస్తే రా అవ్వా. కానీ పెద్ద ఇంజనీరు ముందు పాపా గీపా అని పిలిచి నా పరువు తియ్యొద్దు" అనింది. సరే అన్నాను. మా ఊరి ఆడోళ్ళని వెంటేసుకుని, నాతో కలిపి ఇరవై మందిమి ఎక్కాం. సముద్రమంటే అంతా ఉప్పే గదా, తాగేదానికేముంటుంది? అందుకని, మంచినీళ్ళు దొరికినప్పుడు పట్టి పెట్టుకుందామని తలా రెండు ఖాళీ ప్లాస్టిక్ బిందెలు తెచ్చుకున్నాం.

అబ్బబ్బా, ఆ నీళ్ళు! ఎటు చూసినా నీళ్ళే. జోతిలక్ష్మి ఒదినె రెండు చేతులెత్తి దండం పెట్టింది. కోవిల్‌పట్టి కడలైమిఠాయి, అదే వేరుశెనగ పట్టీ, కొరుక్కుంటూ, చప్పట్లు కొట్టి గుండ్రంగా తిరుగుతూ కుమ్మి ఆడుతూ, ముసలోళ్ళమంతా చిన్నపిల్లలమైపోయాం.

సాయంత్రం మైకులో చెప్పారు, "కొళాయిలో నీళ్ళు వస్తాయి, ఒక్క గంటే" అని. ఆ మాట చెవిన పడితే మా కాళ్ళు నిలుస్తాయా! వరస కట్టించాను, మధ్యలో దూరినదాన్ని తిట్టాను, నలభై బిందెలూ నింపించాను. మూతులకు గుడ్డలు కట్టి మంచాల కిందికి తోసి, హాయిగా పడుకున్నాం.

పొద్దున లేచేసరికి మెట్ల దగ్గర ఒకటే అరుపులు. పెద్ద ఇంజనీరు బాలచందర్, అరుప్పుకోట్టై ఆయన, సింధుజని నిలబెట్టి కేకలేస్తున్నాడు.

"ఎక్కడో గొట్టం కారుతోంది. నీకు కనబళ్ళేదు!"

"కారలేదు సార్. అన్నీ తడిమి చూశాను. ఆ గంటలో ఎవరో ఆరువందల లీటర్లు ఎక్కువ పట్టారు."

"అన్ని నీళ్ళు ఎవరు పడతారమ్మా, ఏం చేసుకుంటారు? తొట్టి కొలత చూడ్డం రానిదాన్ని నేను పెట్టుకోలేను. కొలచ్చల్‌లో దిగిపో."

పిల్ల మొహం వాడిపోయింది. నేను నోరు విప్పితే దాని పరువు పోతుంది, విప్పకపోతే ఉద్యోగమే పోతుంది.

"నేనేనయ్యా పట్టింది!" అన్నాను. "పిల్లనేమీ అనొద్దు. దించితే నన్ను దించు, నడిసముద్రంలోనైనా సరే."

ఆయన మా గదికొచ్చి వంగి చూశాడు. ఒక్కో బిందే బయటికి లాగించి లెక్కపెట్టాడు. నలభై. బిందెకి పదిహేను లీటర్లు. సరిగ్గా ఆరువందలు!

ఆయన అక్కడే మంచం మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "మా అమ్మా ఇంతే. చుట్టాలింటికి పోయినా కొళాయి చప్పుడైతే బిందె కోసం పరిగెత్తేది" అన్నాడు. తర్వాత సింధుజ వైపు తిరిగి, అందరూ వింటుండగానే, "నీ కొలతే సరి. నేనే తొందరపడ్డాను. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. "ఇంతకీ ఈ పెద్దావిడ ఎవరు?"

"మా అవ్వ సార్" అనింది పాప, ఓడంతా వినబడేట్టు. పాపా అని పిలిస్తేనే పరువు పోతుందన్నది అదే! నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

పట్టిన నీళ్ళు మళ్ళీ తొట్టిలో పొయ్యకూడదంట. ఆ పూట కొళాయిలు కట్టేసి, అందరికీ మా బిందెల నీళ్ళతోనే టీ పెట్టారు. ఒక బిందె మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం పాప వచ్చింది, చేతులు మోచేతుల దాకా ఇంజను నూనె. ఆ బిందె వంచి పోశాను. చారెడు నీళ్ళు పడగానే, చిన్నప్పటి అలవాటు, చేతులు వెనక్కి తీసుకుంది.

"చాలవ్వా."

"పట్టవే పాపా" అన్నాను. "బిందె అయిపోయేదాకా నేను చాలనను."