సరుగుడు మొదళ్ల మధ్య పరుపులు

మా తలుపు మీద ఎర్ర రంగుతో అంకె వేయడానికి వచ్చినవాడు మర్యాద తెలిసినవాడే. అరుగు ఎక్కే ముందు చెప్పులు విడిచాడు. "తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి పెద్దమ్మా, రంగు చేతికి అంటుద్ది" అన్నాడు. మా దాదీ ఇమాం బీ వాణ్ణి జనాభా లెక్కలవాడనుకుని మంచినీళ్లు కూడా ఇచ్చింది. గ్లాసు ఎత్తిపట్టి తాగి, అంకె వేసి, పక్కింటికి నడిచాడు.

"దేనికి నాయనా ఈ నంబరు?" అని దాదీ వెనకనుంచి అడిగింది.

"ఇళ్లు తీసేత్తారంట పెద్దమ్మా. ఇక్కడ స్టూడెంట్లకి హాస్టల్ కడతారంట. మీ పిల్లలే అడిగారంటగా."

బజారు మొత్తం నా వైపు చూసింది. పరుపుల బజారులో పీజీ చదువుతున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. హాస్టల్ కావాలని గొంతు పోయేలా అరిచినదాన్నీ నేనే. దాదీ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇది 2006 నాటి సంగతి. బాపట్ల ఊరి చివర యూనివర్సిటీవాళ్లు పీజీ కేంద్రం తెరిచి అప్పటికి మూడేళ్లు. క్లాసులకు గదులు కట్టారు, గేటు కట్టారు, గేటు మీద దీపాలు కూడా పెట్టారు. పిల్లలు ఎక్కడ పడుకుంటారని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినవాడు బసవేశ్వరరావు ఒక్కడే. గేటుకు ఎదురుగా మూడు మేడలు లేపి, గదికి ఆరుగురిని కుక్కి, ప్రైవేటు హాస్టళ్లు నడిపాడు. మాకు చదువు ప్రభుత్వం చెప్పేది, నిద్ర బసవేశ్వరరావు అమ్మేవాడు.

ఆ నిద్ర కొనలేనివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. నా స్నేహితురాలు అనసూయది పిట్టలవానిపాలెం. అమ్మానాన్నలు కూలికి వెళ్తారు. బస్సు దొరికిన రోజు క్లాసుకు వచ్చేది, దొరకని రోజు ఇంట్లో ఏడ్చేది. ఈ ఏడు హాస్టల్ రాకపోతే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు. రేపల్లె అవతలినుంచి వచ్చిన సామ్యేలు కొన్నాళ్లు రైల్వే స్టేషన్లో బల్ల మీద పడుకుని, కుళాయి దగ్గర మొహం కడుక్కుని క్లాసుకు వచ్చేవాడు.

అలాంటివాళ్ల కోసం మా బజారులో ఒక అలవాటు ఉండేది. మాది దూది ఏకి పరుపులు కుట్టే బజారు. చదువుకోవడానికి వచ్చిన పేదపిల్లలకు, మిగిలిన దూదితో ఒక పరుపు కుట్టి ఊరికే ఇచ్చేవాళ్లు. చదువు అయిపోయాక ఆ పిల్లలు పరుపును తెచ్చి మా అరుగు మీద పెట్టి పోవాలి. దాన్ని విప్పి, దూదిని ఎండబెట్టి, మళ్లీ ఏకి, కొత్త గుడ్డ వేసి తర్వాత వచ్చేవాళ్లకు ఇస్తారు. "ఏకితే పాత దూదీ కొత్తదే" అనేది దాదీ. అనసూయ బస్సు తప్పినప్పుడు మా ఇంట్లో పడుకునే పరుపూ, సామ్యేలు స్టేషన్నుంచి లేచొచ్చి ఎవరి వరండాలోనో పరుచుకున్న పరుపూ అలాంటివే.

హాస్టల్ పోరాటానికి నాయకుడు అయాజ్. పరాయివాడేం కాదు, మా చిన్నాన్న కొడుకు. ఇద్దరికీ తల్లీతండ్రీ పోతే నన్నూ వాణ్ణీ ఒకే పరుపు మీద పడుకోబెట్టి పెంచింది దాదీ. వాడి చదువుకు బజారులో ప్రతి ఇల్లూ ఓ చెయ్యి వేసింది. మాట్లాడితే మైకు అక్కర్లేదు. క్యాంపస్ గోడ పక్కన ఉన్న సరుగుడు తోట చూపించి, "అది భూముల సీలింగు చట్టంలో పోయిన భూమి, గవర్నమెంటుది. మన హాస్టల్ అక్కడే" అని వాడే అన్నాడు. ఆ భూమి బసవేశ్వరరావు నుంచి పోయిందని కాగితాలు చెబుతాయి. పోలేదని ఆయన నాటిన సరుగుడు చెబుతుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నోరు తెరిచి అన్నది మాత్రం అయాజే. ఆ రోజు మీటింగులో అందరం చేతులెత్తి ఆ చోటే ఖాయం చేసుకున్నాం.

ధర్నా టెంటులో పరుచుకోవడానికి పరుపులు మా బజారే పంపింది. పదిహేను రోజులకు అధికారులు దిగొచ్చి, స్థలం ఎంచడానికి ఓ కమిటీ వేశారు. పిల్లల తరఫున అయాజ్‌ను కూర్చోబెట్టారు. పట్టణ ప్రముఖుడు అంటూ బసవేశ్వరరావునూ కూర్చోబెట్టారు. పిల్లిని పాలకుండకు కాపలా పెట్టడమంటే ఇదే కదా అని అప్పుడు నవ్వుకున్నాం. లోపల మనవాడున్నాడన్న ధీమాతోనే నవ్వుకున్నాం.

కమిటీ గదిలోంచి అయాజ్ చేతులు పైకెత్తి బయటికొచ్చాడు. "హాస్టల్ సాధించాం" అన్నాడు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పాం. దాదీ సేమియా పాయసం వండి, వచ్చిన పిల్లలందరికీ పోసింది. ఎక్కడ కడుతున్నారని ఒక్కరం అడగలేదు. ఎక్కడో మాకు తెలుసనుకున్నాం.

తలుపుల మీద ఎర్ర అంకెలు పడిన సాయంత్రం అయాజ్ బజారులోకి వచ్చాడు. మా అరుగు ముందు జనం మూగారు. దాదీ అరుగు దిగలేదు.

"తోటలో అన్నావు. ఇక్కడికెట్టా వచ్చింది?" అని బాబూలాల్ తాత అడిగాడు. బజారులో అందరికన్నా పెద్దవాడు, అయాజ్‌కు దూది ఏకడం నేర్పినవాడు.

"తాతా, ఆ తోట ముట్టుకుంటే బసవేశ్వరరావుగారు కోర్టుకెళ్తారు. పదేళ్లు పడిద్ది. ఈ బజారు పోరంబోకు. ఎవరికీ పట్టా లేదు. క్యాంపస్‌కి దగ్గర. మీకు కర్లపాలెం అవతల స్థలాలిప్పిస్తామన్నారు. నేనే గట్టిగా అడిగి ఒప్పించా."

"ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

"నేనీ బజారోణ్ణేగా. మన తరఫునే ఒప్పుకున్నా." వాడు నా వైపు తిరిగాడు. "షబ్నం, నువ్వు చెప్పు. వందలమంది పేదపిల్లలు చదువుకుంటారు. దానికోసం నాలుగు పాత పెంకుటిళ్లు వదులుకోలేమా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మాటకు మాట చెప్పాలనుకున్నాను. ఒకే పరుపు మీద పెరిగినవాడు కళ్లల్లోకి చూస్తూ అలా అడిగితే మొహం తిప్పుకుని దాదీ వైపు చూశాను.

"కర్లపాలెం అవతల మా చేత పరుపులు కుట్టించుకునేదెవర్రా? కొంగలా?" అన్నాడు బాబూలాల్ తాత. "పొద్దున్నుంచీ చెప్పుకుంటన్నారు, బసవేశ్వరరావు హాస్టళ్లకి నువ్వు మేనేజరు అయ్యావంటగా. నిజమా కాదా?"

అయాజ్ చొక్కా జేబు సర్దుకున్నాడు. ఆ క్షణంలో వాడి మొహం చూసి మాకందరికీ అర్థమైపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి వినడమే. లెక్కపెట్టి శత్రువుకు అప్పజెప్పినవాణ్ణి అప్పుడే చూశాను. దాదీ ఒక్కటే మాట అంది. "అన్నం తిన్నావా?" అంది. వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. దాదీ గోడకు చేరగిలబడి, చాలాసేపు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు క్యాంటీను వెనక పిల్లల మీటింగు జరిగింది. మీటింగనడం తప్పు, కొట్లాట జరిగింది.

"ఎక్కడ కడితే మనకేంటి?" అని సామ్యేలు లేచాడు. "నేను స్టేషన్లో పడుకున్నోణ్ణి. గది ఇత్తానంటే వద్దంటానా? వాళ్లకి వేరే చోట స్థలాలిస్తన్నారుగా."

"వాళ్ల పరుపు మీద పడుకుని వాళ్ల ఇల్లు పడగొట్టమంటావేంట్రా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మరి నన్నెక్కడ పడుకోమంటావు? మీ ఇంటికి రమ్మంటావా?"

చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అప్పటిదాకా మాట్లాడని అనసూయ బల్ల ఎక్కి నిలబడింది. హాస్టల్ రాకపోతే చదువు పోయేది దానికేనని అందరికీ తెలుసు. అందుకే గోల తగ్గింది.

"బసవేశ్వరరావుకి ఇళ్లు కావాలా, హాస్టల్ కావాలా? రెండూ వద్దు" అంది. "పరుపుల బజారోళ్లు ఊరుకోరని ఆయనకి తెలుసు. వాళ్లు అడ్డం పడతారు. మనం వాళ్ల మీద పడతాం. పోలీసులొస్తారు, కేసులు నడుస్తయ్. వాళ్లకి ఇళ్లుండవు, మనకి హాస్టలుండదు. ఆయన మేడలు మాత్రం నిండుగా ఉంటయ్. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిద్ది. సామ్యేలూ, నాకూ గది కావాలి. నీకంటే ఎక్కువే కావాలి. కానీ ఇమాం బీ దాదీని లేపేసిన చోట నాకు నిద్రపట్టదు. నీకు పట్టిద్దా?"

సామ్యేలు కూర్చున్నాడు. 

"మనం చోటు ఎంచుకున్నాం" అన్నాను నేను. "చేతులెత్తి ఎంచుకున్నాం. దాన్ని మార్చే హక్కు అయాజ్‌కి ఎవరిచ్చారు? పదండి, మన చోటికి మనం పోదాం." అప్పుడు మళ్లీ చేతులు లేచాయి. ఆఖర్న లేచిన చెయ్యి సామ్యేలుది.

ఆ వేసవిలోనే తోటలో సరుగుడు కొట్టించి అమ్ముకున్నాడు బసవేశ్వరరావు. ఇసకలో మొదళ్లు మాత్రం మిగిలాయి. సోమవారం పొద్దున పరుపుల బజారూ పీజీ పిల్లలూ కలిసి బయల్దేరాం. ఆడవాళ్లు పరుపులు చుట్టి నెత్తిన పెట్టుకున్నారు. రిక్షాల మీద వేసినవి వేశారు. ఊరికే ఇచ్చిన పరుపులన్నీ పిల్లలు తెచ్చారు. తోటలోకి వెళ్లి, మొదళ్ల మధ్య చోటు చూసుకుని ఒక్కొక్కటే పరిచాం. బాబూలాల్ తాత ఓ మొదలు మీద కూర్చుని దూది ఏకడం మొదలుపెట్టాడు. వండుకోవడానికి రాళ్లు పెట్టారు. ఎండ బాగా ఉంది, సముద్రపు గాలి కూడా బాగానే వచ్చింది. చూడబోతే అదొక హాస్టలే, గోడలు లేవంతే.

బసవేశ్వరరావు కారు దిగి దాదీ దగ్గరికే నేరుగా వచ్చాడు. "ఏంటి ఇమాం బీ ఇది? మా పిల్లల పెళ్లిళ్లకి పరుపులు కుట్టినదానివి. నువ్వూ వీళ్లతో కలిశావా?"

"కలిశానండి. మీ పెళ్లి పరుపు కూడా మా అత్తే కుట్టిందండి. అది పాతబడితే పంపండి, ఏకి ఇస్తాను. ఈ నేల మాత్రం మీది కాదంటండి" అంది దాదీ.

ఆయన నవ్వి కారెక్కాడు. ఆ నవ్వేమిటో మాకు మధ్యాహ్నానికి తెలిసింది. పోలీసు వ్యాను వచ్చింది. అందులోంచి ఎస్సైతో పాటు అయాజ్ దిగాడు. దాదీ పక్కనున్న పాత పరుపు చుట్ట విప్పి పరిచింది. చిన్నప్పుడు మేమిద్దరం పడుకున్న పరుపు అది.

"ఇది నీదేరా" అంది. "కూర్చుంటే కూర్చో. నేనేం అడగను."

వాడు దాని వైపు చూశాడు. కూర్చుంటాడనే అనుకున్నాను, ఇప్పటికీ అబద్ధం చెప్పను, కూర్చోవాలని మనసులో మొక్కుకున్నాను. వాడు ఎస్సై వైపు తిరిగి, "వీళ్లంతా ఇక్కడే ఉన్నారు సార్" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి మాకు ఒక్క నిమిషం పట్టింది. బజారులో మంచం దిగలేని ముసలమ్మలూ, చంటిపిల్లల తల్లులూ తప్ప ఎవరూ లేరు. అంతలో ఆ తల్లుల్లో ఒకామె పిల్లను చంకనేసుకుని ఇసకలో పరుగెత్తుకొచ్చింది. "పొక్లెయిన్ వచ్చింది, ఇళ్లు తోసేత్తన్నారు" అని ఆయాసంతో కూలబడింది.

పరుగెత్తాం. వెళ్లేసరికి మా వరస అయిపోయింది. ముసలమ్మలను మంచాలతో సహా రోడ్డు మీద పెట్టారు. మా తలుపు ఎర్ర అంకెతో సహా మట్టిలో వెల్లకిలా పడి ఉంది. దాదీ అటు రెండడుగులు వేసి ఆగింది. కూలిన గోడ కిందనుంచి వంట గిన్నె ఒకటి లాగి, చెంగుతో తుడిచింది. నాకు ఏడుపు రాలేదు. మా ఇంటి దారి శత్రువుకు మా ఇంటివాడే చూపించాడన్న ఒక్క మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

"పదండి" అంది దాదీ.

"ఎక్కడికి దాదీ?" అన్నాను.

"తోటకి."

మిగిలిన సామాను నెత్తిన పెట్టుకుని, ముసలమ్మల మంచాలను పిల్లలు నలుగురేసి మోసుకుంటూ, మళ్లీ తోటకు వచ్చాం. అన్నిటికన్నా ముందు నడిచిన మంచం కోడు ఒకటి సామ్యేలు భుజం మీద ఉంది. ఈలోగా పోలీసులు లాఠీలతో పరుపులు చీల్చి పారేశారు. దూది ఇసక మీద దొర్లుతోంది.

ఎస్సై ఎదురొచ్చాడు. "అయిందేదో అయింది. కేసులు లేకుండా చూస్తాను. ఇక మీ ఇళ్లకి మీరు పోండమ్మా."

దాదీ నెత్తి మీది గిన్నె దించింది. "ఏ ఇంటికి పొమ్మంటావు నాయనా? దారి చూపించు, పోతాం."

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. ఆయన వెనక నిలబడ్డ కానిస్టేబుళ్లలో ఇద్దరు తలలు తిప్పుకున్నారు. పొద్దున్నైతే ఇంటికి పొమ్మంటే పోవడానికి మాకు ఇల్లుంది. మమ్మల్ని అక్కణ్ణుంచి కదిలించే ఆ ఒక్క మాటనూ వాళ్లే కూల్చుకున్నారు. దాదీ కూర్చుంది. ఆమె చుట్టూ అందరూ కూర్చున్నారు. చిరిగిన పరుపుల దూదిని ఆడపిల్లలు చెంగుల్లోకి ఏరసాగారు.

నన్నూ అనసూయనూ సామ్యేలునూ బాబూలాల్ తాతనూ వ్యానులోకి ఈడ్చారు. కూర్చున్నవాళ్లందర్నీ మోసే వ్యాను వాళ్లకు లేదు. జాలీలోంచి చూస్తే అయాజ్ గట్టు మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. వాడి పరుపు ఒక్కటే చిరగకుండా పరిచింది పరిచినట్టు ఉంది. దాని మీద మంచం దిగలేని ఓ ముసలమ్మను పడుకోబెట్టారు.

సాయంత్రానికి పోలీసు స్టేషన్ కిటికీ దగ్గరకు కబురొచ్చింది. రేపల్లె పిల్లలు తెనాలిలో బండి మారి, తెనాలి పిల్లలను కూడేసుకుని, చాపలూ దుప్పట్లూ చుట్టుకుని తోటలో దిగారట. బాబూలాల్ తాత ఆ మాట విని గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

రైటరు కేసు రాసుకోవడానికి కూర్చున్నాడు. ముందు సామ్యేలును పిలిచాడు. "పేరు చెప్పు. ఇల్లెక్కడ?"

"సామ్యేలండి. సరుగుడు తోట, బాపట్ల."

రైటరు వాణ్ణి ఎగాదిగా చూసి నన్ను పిలిచాడు. నేనూ సరుగుడు తోటేనని చెప్పాను. తాతా అదే చెప్పాడు. రైటరు కలం కింద పెట్టాడు.

"ఏంటమ్మా పరాచికాలు? అక్కడ ఇల్లెక్కడుంది?"

"కడతన్నామండి" అంది అనసూయ. "రాసుకోండి."