అద్దాలాయన కిటికీ

అద్దాలాయనకు ఒక దిగులుండేది. తిండి మానేసేంత దిగులేమీ కాదు, నవ్వుతూ చెప్పుకునేదే. కానీ ఏళ్ళ తరబడి అదే చెప్పుకుంటున్నాడంటే లోపలెక్కడో గుచ్చుకుంటున్నట్టే లెక్క. వడ్రంగి తలుపు చేస్తే వచ్చినవాళ్ళు చేత్తో నిమిరి చూస్తారు. దర్జీ చొక్కా కుడితే ఎవరు కుట్టారని అడుగుతారు. అద్దం బిగించేవాడి పని మాత్రం ఎంత బాగుంటే అంతగా కనబడకుండా పోతుంది. ఎవరైనా కిటికీ ముందు ఆగి అద్దాన్ని చూస్తున్నారంటే అందులో గీతో బుడగో మిగిలిపోయిందన్నమాట. "బతుకంతా లేనట్టుండే వస్తువు చెయ్యడంతోనే సరిపోయింది" అనేవాడు దుకాణంలో. ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, ఆ దుకాణంలోనే పనిచేసేవాడు. పెద్ద పలకలు ఎత్తేటప్పుడు రెండో కొస పట్టుకునేది అతనే. ఆ మాట విన్నప్పుడల్లా, "బరువు మాత్రం బాగానే ఉంటుంది బావా" అనేవాడు.

ఆయన భార్య బస్‌స్టాండులో టికెట్లమ్మ. ఆమె ఉద్యోగమూ అద్దం వెనకే. అరచెయ్యంత కంతలోంచి చేతుల్ని, అద్దంలోంచి ముఖాల్ని చూస్తూ ఇన్నేళ్ళు గడిపింది. ఎవరు ఏ ఊరికి వెళ్తారో ముఖం చూసి చెప్పేదాన్నని గొప్పలు పోయేది, చాలాసార్లు నిజంగానే చెప్పేది. ఆ మనిషికి మోకాలు అరిగిపోయి ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళు మెట్లు దిగొద్దన్నారు. వాళ్ళుండేది రెండో అంతస్తు. రోజంతా ఊరందరితో మాట్లాడే మనిషికి ఇప్పుడు వంటింట్లో ఒక కుర్చీ, ఎదురుగా ఒక కిటికీ మిగిలాయి.

మొదట్లో కూర్చున్న చోటినుంచే ఇంట్లో డబ్బాలన్నీ ఆయన చేత సర్దించింది. తర్వాత సర్దినవే మళ్ళీ సర్దించింది. ఆ గోల భరించాడు కానీ, ఆ తర్వాత ఆమె ఏమీ అడగడం మానేసింది. భయం వేసింది అప్పుడే. సాయంత్రం ఇంటికొస్తే ఒకటే మౌనం. ఇలా కాదనుకుని దుకాణంలో కోతల్లో మిగిలిన అద్దం ముక్కలు ఏరి, అంచులు అరగదీసి, చిన్న పెట్టె చేశాడు. అడుగున రేకు పళ్ళెం, పైన మూత. అందులో పొద్దుతిరుగుడు గింజలూ సజ్జలూ పోసి, కిటికీ బయట ఇనప కొక్కేనికి వేలాడదీశాడు.

పెరట్లో పెద్ద చెట్లున్నాయి. పిట్టలకు కబురు పెట్టినదెవరో కానీ, రెండు మూడు రోజులకే రాకపోకలు మొదలయ్యాయి. టికెట్లమ్మకు మళ్ళీ కౌంటరు తెరిచినట్టయింది. అందర్నీ తోసుకుని వచ్చే ఒక లావుపాటి పిట్టకు క్యూ తప్పేవాడని పేరు పెట్టింది. ప్రతి గింజనూ తిప్పి చూసి, నచ్చక కింద పారేసే ఇంకొకటి పేచీల పెద్దమ్మ. వీళ్ళందరి హడావుడీ తగ్గాక, చివర్న ఒకతె వచ్చేది. గుప్పెట్లో పట్టేంత పిట్ట. గొంతు పసుపుపచ్చ. ఏ పిల్లి నోట్లోంచి తప్పించుకుందో, తోక సగమే ఉండేది. ఒక్క గింజ తీసుకుని, కాళ్ళ మధ్య పట్టుకుని, నింపాదిగా ఒలుచుకు తిని, ముక్కు కొక్కేనికి తుడుచుకుని వెళ్ళిపోయేది. దాని పేరు సగంతోక. "మర్యాదస్థురాలండీ. ఇలాంటివాళ్ళు వస్తే నేను అడక్కుండానే కిటికీ పక్క సీటిచ్చేదాన్ని" అనేది.

ఇక సాయంత్రాలు మారిపోయాయి. ఆయన ఇంటికొచ్చి, అద్దాలు బిగించే లప్పం అంటిన చేతులు వేడినీళ్ళ గిన్నెలో నానబెట్టుకుని కూర్చునేవాడు. ఆమె టీ అందించి ఆ రోజు ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎవర్ని తోశారో చెప్పేది. నీళ్ళు చల్లారిపోయినా చేతులు తియ్యబుద్ధయ్యేది కాదు. ఇంత చిన్న సంగతిలో ఇంత సుఖముంటుందని ఆయనకెవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆమె మాటవరసకు, ఆ పాత కిటికీ చెక్క పట్టీలు అడ్డమొస్తున్నాయంది. నిజమే, అది చిన్న చిన్న గళ్ళ కిటికీ. అద్దాలు కూడా పాతకాలపువి. వాటిలోంచి చూస్తే పిట్టలు వంకర్లు తిరిగి కనబడేవి. "సగంతోక గొంతు అసలు రంగేమిటో సరిగ్గా చూడాలనుంది" అంది. అంతే, ఇంకేం కావాలి? ఆ ఆదివారమే బావమరిదిని పిలిచి, గళ్ళ రెక్క ఊడదీసి, మచ్చ లేని ఒకే పలక వేసి కొత్త రెక్క బిగించాడు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. కొత్త అద్దం బిగించగానే దానిమీద తడిసుద్దతో పెద్ద అడ్డగుర్తు వేస్తారు. అద్దం ఉందని తెలియక ఎవరూ తల కొట్టుకోకుండా ఉండడానికి. ఎక్కడ బిగించినా ఆయన ఆ గుర్తు వెయ్యకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. బావమరిది అలవాటు కొద్దీ సుద్ద కలిపి కుంచె ముంచాడు. అద్దాలాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రెండో అంతస్తు కిటికీలోకి ఎవడు నడిచొస్తాడ్రా?" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. బావమరిది వెళ్ళాక ఆయన ఒక్కడే కూర్చుని, కాగితంతో అద్దాన్ని కీచుమనేదాకా తుడిచాడు. లోపల తుడిచాడు, బయట తుడిచాడు. ఇన్నేళ్ళ పనితనమంతా అందులో పెట్టాడు.

తెల్లవారి ఆమె కర్ర ఆనించుకుంటూ వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీ తీసేశారా అని అడిగింది. అంతకన్నా మెప్పు ఏ అద్దాలవాడికీ దొరకదు. చెట్టుమీది ఒక్కో ఆకూ విడివిడిగా కనబడుతోంది. టీ కప్పులోంచి లేచే ఆవిరి నేరుగా బయటి గాలిలో కలిసిపోతున్నట్టుంది. సగంతోక వచ్చింది. దాని కనురెప్ప కూడా కనబడిందామెకు. సంబరంగా ఆయన మోచెయ్యి పట్టుకుంది. పిట్ట గింజ తినేసి, ముక్కు తుడుచుకుని, ఎగిరింది.

చిన్న చప్పుడు. ఎవరో వేలితో తలుపు తట్టినట్టు, అంతే.

ఆయన కిటికీ రెక్క లోపలికి తెరిచాడు. బయట గట్టుమీద సగంతోక పక్కకు ఒరిగి పడి ఉంది. ముక్కు తెరుచుకుంది, కళ్ళు మూతపడ్డాయి. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏ పలకైనా ఎత్తగానే దాని బరువెంతో, మందమెంతో చెప్పెయ్యగల చేతులవి. వాటికి ఈ బరువు అందలేదు. చేతుల్లో ఏదైనా ఉందా లేదా అని చూసుకోవలసి వచ్చింది. ఉంది, వెచ్చగా ఉంది. బొటనవేలి కింద ఏదో వణుకుతోంది. గుండె! కొట్టుకోవడం కూడా కాదది, ఎక్కడా తెగకుండా ఒకటే కంపం. ఇంత చిన్న ఒంట్లో ఇంత వేగంగా ప్రాణం ఆడుతుంటుందా అని ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఉందా?" అందామె.

"ఉంది" అన్నాడు.

మేకుల అట్టపెట్టె ఖాళీ చేసి, పాత తుండుగుడ్డ పరిచి, పిట్టను పడుకోబెట్టి మూత వేశాడు. చీకట్లో ఉంటే కంగారు పడదని ఆమె ఎక్కడో విన్నదట. ఆ పూట ఒక దుకాణం ముందు పెద్ద పలక బిగించాలి. బావమరిదికి ఫోన్ చేసి రాలేనన్నాడు. పిట్ట కోసమా అని అతను సణిగాడు. అవునన్నాడు. అయితే అక్కను జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

పెట్టె బల్లమీద పెట్టుకుని ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. టీ తొరక కట్టింది. పెట్టెలోంచి చప్పుడు లేదు.

"ఆ గింజల పెట్టె తీసెయ్యండి. పిలిచి అన్నం పెట్టి చంపుకున్నట్టయింది" అందామె. పెట్టెవైపు చూస్తూ, "పట్టీలు అడ్డమన్నది నేనే" అంది.

గుర్తు వెయ్యొద్దన్నది తనేనని ఆయనా చెప్పాడు. ఒకరి తప్పు ఒకరు లాక్కోవడంతో ఇద్దరికీ ఏమీ తేలిక పడలేదు.

ఊరికే కూర్చోలేక ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తెరిచిన రెక్క బయటి ముఖం ఆయనవైపు తిరిగి ఉంది. అందులో చెట్టుంది, ఆకాశముంది, ఒక మేఘముంది. అన్నీ అసలువాటికన్నా నిగనిగలాడుతూ ఉన్నాయి. కొమ్మల మధ్య లోపలికి పోవడానికి దారి కూడా ఉన్నట్టే ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన అద్దాన్ని మనుషుల వైపునుంచే చూశాడు. పిట్ట వైపునుంచి చూడడం ఇదే మొదలు. రెక్కలుంటే తనూ అందులోకే ఎగిరేవాణ్ణని అర్థమైంది.

అప్పుడు పెట్టెలో గీరిన చప్పుడైంది.

పెట్టెను కిటికీ గట్టుమీదికి తెచ్చి, మెల్లగా మూత తీశాడు. సగంతోక కూర్చుని ఉంది. తల అటూ ఇటూ తిప్పింది. పెట్టె అంచుమీదికి గెంతింది. అక్కణ్ణుంచి, ఏం తోచిందో, ఆయన వేలిమీదికెక్కింది. దారప్పోగుల్లాంటి వేళ్ళు ఆయన వేలిని చుట్టి పట్టుకున్నాయి. అద్దం కోతలతో మొద్దుబారిన వేలది, దానికి కూడా ఆ పట్టు తెలిసింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆమె ముఖం దగ్గరగా తెచ్చి గొంతు చూసింది. పసుపుపచ్చ అనుకున్నది ఒక్క రంగు కాదు. ఒక్కో ఈక మొదట్లో తెలుపు, మధ్యలో నిమ్మపండు, కొసన బంగారం. అది ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ రంగులు ఒకదాంట్లోకి ఒకటి కదులుతున్నాయి. పిట్ట ఆమెను ఒక కంటితో చూసింది. తర్వాత వేలు ఖాళీ అయింది. ఎగరడం ఇద్దరూ చూడనే లేదు.

"ఎంత చిన్నదండీ" అందామె. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి.

అయినా పట్టు విడవలేదు. బతికి పోయింది చాలు, మళ్ళీ పిలిచి కొట్టుకోనివ్వనంది. కుర్చీ పొయ్యివైపు తిప్పేసుకుంది. ఆయన వాదించకుండా గింజల పెట్టె దించాడు. సుద్ద గట్టిగా కలిపి, కుంచె తీసుకుని, రెక్క బయటివైపు పైనుంచి కిందికి గీతలు గీశాడు. పిట్ట రెక్క చాపినా దూరలేనంత దగ్గర దగ్గరగా, పలక నిండా గీశాడు. మచ్చ కనబడితే నిద్రపట్టని మనిషి తన చేత్తో తనే అద్దాన్ని పాడు చేసుకుంటుంటే చూడడానికి బావమరిది పనిగట్టుకుని వచ్చాడు. అద్దాలాయన ఇంటికి సున్నం కొట్టారని ఊళ్ళో చెప్పుకుంటారన్నాడు. వానకు కరిగిపోతే ఏం చేస్తావని కూడా అడిగాడు. మళ్ళీ గీస్తానన్నాడాయన. గింజల పెట్టె తిరిగి కొక్కేనికి తగిలించాడు. ఆమె అటు చూడలేదు.

క్యూ తప్పేవాడు వచ్చాడు. పేచీల పెద్దమ్మ వచ్చింది. ఆయన సాయంత్రాలు వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని, సెలవురోజు తను చూసినవి వచ్చీరాని మాటల్లో చెప్పేవాడు. ఆమె పొయ్యివైపు తిరిగే వినేది. సగంతోక వచ్చిందా అని ఒక్కసారీ అడగలేదు. రాలేదని ఆయనా చెప్పలేదు.

ఒక ఉదయం ఆయన పనికి బయల్దేరబోతుండగా కొక్కెం దగ్గర గొడవైంది. రెక్కల టపటప విని ఆమె అప్రయత్నంగా తల తిప్పింది. క్యూ తప్పేవాడు ఎవర్నో తరుముతున్నాడు. తరిమించుకుంటున్నది సగంతోక. ప్రాణభయంతో ఉన్నదానికి దారి ఎక్కడ కనబడుతుంది? నేరుగా కిటికీ మీదికే వస్తోంది. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. ఆయన చెయ్యి చాపాడు, ఏం ఆపడానికో ఆయనకే తెలియదు.

గీతల ముందుకొచ్చి పిట్ట ఆగింది. రెక్కలు పూర్తిగా విచ్చి, ఆ సగం తోకా విసనకర్రలా పరిచి, గాలిలో నిటారుగా నిలబడింది. ఎండ దాని రెక్కల్లోంచి దూరి వచ్చింది, ఈనెలు కూడా కనబడ్డాయి. పసుపు గొంతు సరిగ్గా వాళ్ళ ముఖాల ఎదురుగా ఉంది. కళ్ళు మూసి తెరిచేంతసేపు. మరుక్షణం పక్కకు తిరిగి, కొక్కెం మీద వాలి, ముక్కు తుడుచుకుంది.

ఇద్దరూ కదల్లేదు. ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడాన్ని ఆయన చెవులప్పగించి విన్నాడు.

"చూసిందండీ" అందామె, గుసగుసగా. "మీ పని చూసింది."

ఆయన మొహమాటంగా గీతలవైపు చూసి, "ఆ చివరి గీత కాస్త వంకరపోయింది. సాయంత్రం సరిచేస్తాలే" అన్నాడు.

"ఉండనివ్వండి" అంటూ ఆమె కుర్చీ కిటికీవైపు తిప్పుకుంది.